పొయ్యి ఎవరి పేరున?

సివిల్స్ చదువుకని ఢిల్లీ వెళ్ళిన పిల్లల గురించి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తరచుగా అనే మాట ఒకటుంది: కుక్కర్లో ఇంత అన్నం, ఇంత పప్పు పడేసుకుంటే పోయేదానికి ఆ బయటి తిండి దేనికి? ఆ మాటలో ప్రేమతో పాటు ఒక తీర్పు కూడా ఉంది. ఈ తరానికి ఓపిక లేదు, వంట రాదు, ఫోన్ నొక్కితే తిండి గుమ్మంలోకి వస్తుంటే పోపు డబ్బా ఎవరు వెతుక్కుంటారు అన్నది ఆ తీర్పు. వేలమంది అభ్యర్థులు అద్దెకు ఉండే ఓల్డ్ రాజిందర్ నగర్ కథను మొదటి నుంచీ చూస్తే మాత్రం అది నిలబడదు. సరుకులు తెచ్చుకుని, కడిగి, తరిగి, ఉడికించుకుని తినే అలవాటు మనుషుల గుణం మీద కంటే మూడు బయటి ఏర్పాట్ల మీద ఎక్కువగా ఆధారపడి నడిచింది: పొయ్యి పెట్టుకునే చోటు, పొయ్యిలోకి ఇంధనం, గిన్నెలోకి సరుకు. ఆ కాలనీకి ఈ మూడింటినీ సమకూర్చినవి ప్రభుత్వమూ, సహకార సంఘాలూ, వీధి చివరి కొట్లూ. అయితే అవన్నీ కుటుంబాన్ని లెక్కలోకి తీసుకుని చేసిన ఏర్పాట్లు. కుటుంబాలుండే గదుల్లోకి ఒంటరి అద్దెదారులు వచ్చాక కూడా ఆ లెక్క పెద్దగా మారలేదు. అక్కడ వంట తగ్గిపోవడానికి అసలు కారణం అదేనని నా వాదన.

ఆ కాలనీ పుట్టుకే ఒక లెక్కతో మొదలైంది. 1941 జనగణనలో ఢిల్లీ జనాభా సుమారు 9 లక్షల 18 వేలు. 1951 నాటికి 17 లక్షల 44 వేలు. ఆ పెరుగుదలలో పెద్ద వాటా దేశ విభజన తర్వాత పశ్చిమ పంజాబ్ నుంచి, వాయవ్య సరిహద్దు ప్రాంతం నుంచి ఉన్నదంతా వదులుకుని వచ్చిన కాందిశీకులది. మొదట పాత కోటల్లో, గుడారాల్లో తలదాచుకున్న వాళ్ళ కోసం కేంద్ర పునరావాస శాఖ నగరం చుట్టూ కాలనీలు కట్టించింది. పటేల్ నగర్, లజపత్ నగర్ లాగే రాజిందర్ నగర్ కూడా అలా వచ్చిందే. బాబూ రాజేంద్రప్రసాద్ పేరు పెట్టారు. లాహోర్‌లో 1921లో మొదలైన సర్ గంగారామ్ ఆసుపత్రి కూడా విభజన తర్వాత ఇక్కడే మళ్ళీ పుట్టి, 1954లో తలుపులు తెరిచింది. ఇళ్ళు చిన్నవి: ఒకటి రెండు గదులు, కాస్త పెరడో వాకిలో, ఒక వంటగది. అది ఎంత ఇరుకైనా పట్టాలో భాగం. ఇల్లు ఎవరి పేరున రాశారో పొయ్యి కూడా వాళ్ళ పేరున ఉన్నట్టే. గుడారాల నుంచి వచ్చిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు. శిబిరంలో వడ్డించింది తినాలి. ఇంట్లో తమకు కావలసింది వండుకోవచ్చు.

అలాగని ఆ ఇళ్ళలో తిన్నదంతా ఆ ఇళ్ళలోనే వండింది కాదు. పంజాబీ కుటుంబాలు తమ వెంట ఉమ్మడి తందూరు అలవాటును కూడా తెచ్చుకున్నాయి. ఇంట్లో ఆడవాళ్ళు గోధుమపిండి కలిపి, గిన్నె మీద తడిబట్ట కప్పి వీధి తందూరు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు. తందూరువాడు ఆ పిండిని ఉండలు చేసి, చేతుల మధ్య తట్టి, కాలిన మట్టి గోడకు లోపలి వైపు చరిచి అతికించేవాడు. ఉబ్బి మచ్చలు పడ్డాక ఇనుప చువ్వతో లాగి బయటికి తీసేవాడు. వరుసలో నిలబడ్డవాళ్ళు తమ పిండి ఏదో, తమ రొట్టెలు ఎన్నో గుర్తుపెట్టుకునేవాళ్ళు. ఒక్కో ఇంట్లో ఒక్కో తందూరు వెలిగించాలంటే బొగ్గూ కట్టెలూ ఎన్ని కావాలి, ఆ చిన్న గదుల్లో ఢిల్లీ ఎండలకు ఆ వేడి ఎక్కడికి పోవాలి? అందుకని పప్పూ కూరా ఇంటి అంగీఠీ (బొగ్గుల కుంపటి) మీద, రొట్టె వీధిలో. ఇంటి వంట అని మనం గొప్పగా చెప్పుకునేది అచ్చంగా ఇంటిదే అయిన కాలం ఆ కాలనీలో మొదటి రోజు నుంచీ లేదు. ఇంటికీ వీధికీ మధ్య పని పంచుకోవడం వల్లే అది సాధ్యపడింది.

సరుకు సంగతీ అంతే. రెండో ప్రపంచ యుద్ధకాలపు రేషన్‌ను 1947 డిసెంబర్‌లో సడలించి, ధరలు మండిపోవడంతో మరుసటి ఏడు మళ్ళీ బిగించారు. 1950ల మొదట్లో రఫీ అహ్మద్ కిద్వాయ్ ఆహార మంత్రిగా ఉన్నప్పుడు మళ్ళీ వదిలారు. 1960ల కరువుల్లో చౌకడిపో వరుసలు తిరిగి వచ్చాయి. 1959లో ఢిల్లీ పాల పథకం మొదలైంది. దాని డెయిరీ రాజిందర్ నగర్‌కు కూతవేటు దూరంలో, వెస్ట్ పటేల్ నగర్‌లో. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక ధరలకు కళ్ళెం వేయడానికని అదే ఏడు కన్నాట్ ప్లేస్‌లో సూపర్ బజార్ సహకార దుకాణం తెరిచారు. 1974లో మదర్ డెయిరీ వచ్చింది, 1988 నుంచి అదే సంస్థ సఫల్ బూత్‌లలో కూరగాయలు అమ్మింది. ఈ తేదీలన్నీ కలిపి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఢిల్లీ మధ్యతరగతి వంటింటి వెనక మూడు నాలుగు దశాబ్దాల పాటు ప్రభుత్వం చెయ్యి ఉంది. ఆ చెయ్యి పట్టుకోవాలంటే చాలాచోట్ల ఒక కార్డు కావాలి. కార్డు మీద కుటుంబ యజమాని పేరు, కింద సభ్యుల పేర్లు, ఇంటి నంబరు. చిల్లర కొట్టువాడి పద్దు పుస్తకానికీ అదే నియమం: ఇల్లెక్కడో తెలిసినవాడికే అరువు. ఇంటి నంబరు ఉన్న మనిషికి నెల సరుకులు ఒకటో తారీఖున ఇంటికొచ్చేవి.

ఆ లెక్కలో తెలుగువాళ్ళకూ చోటు దొరికింది, వాళ్ళు కుటుంబాలతో వచ్చినంత కాలం. రాజిందర్ నగర్‌ను ఆనుకుని ఉన్న కరోల్ బాగ్ స్వాతంత్య్రానికి ముందు నుంచే దక్షిణాది గుమాస్తాల పేట. కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసే తమిళులూ, తెలుగువాళ్ళూ, మలయాళీలూ అక్కడ అద్దెకు ఉండేవాళ్ళు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ నడిపే పాఠశాలల్లో ఒకటి పక్కనే ఉన్న ప్రసాద్ నగర్‌లో ఉంది. పిల్లలకు బడి కావాలన్నంతగా స్థిరపడిన జనానికి ఇడ్లీ బియ్యం, మినప్పప్పు, చింతపండు, ఫిల్టర్ కాఫీ పొడి కూడా కావాలి. కొనేవాళ్ళు అక్కడే నెలనెలా ఉంటారన్న నమ్మకం ఉంటేనే వాటిని తెప్పించి నిలవ పెట్టే కొట్టు పుడుతుంది. కరోల్ బాగ్‌లోనూ, ఐఎన్‌ఏ మార్కెట్‌లోనూ దక్షిణాది సరుకుల కొట్లు నిలదొక్కుకున్నది ఆ నమ్మకం మీదే. ఉత్తరాది మహానగరంలో సాంబారు వండుకోగలగడం ఆ ఇల్లాలి నైపుణ్యం ఎంతో, ఆ పేటలో అలాంటి ఇళ్ళు గుంపుగా ఉండటం కూడా అంతే.

మరి కుటుంబం వెంట లేని మనిషి సంగతేమిటి? చదువు కోసం ఊరు విడిచినవాడికి తిండి ఎలా అన్న ప్రశ్న తెలుగునాట కొత్తది కాదు. మన సమాజం దానికి జవాబులు వెతుక్కుంటూనే వచ్చింది. కాకతీయుల ఓరుగల్లును చూపించే క్రీడాభిరామంలోనే డబ్బిచ్చి భోజనం చేసే పూటకూటి ఇల్లు ఉంది. గురజాడ కన్యాశుల్కంలో విజయనగరంలోని గిరీశం ఆధారపడింది పూటకూళ్ళమ్మ మీద. టంగుటూరి ప్రకాశం తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆ ఇంటి కొడుకు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. డబ్బివ్వలేని పిల్లలకు వారాలు ఉండేవి: సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం మరో ఇంట్లో అన్నం. తర్వాతి కాలంలో కుల సంఘాలు, దాతలు పెట్టిన హాస్టళ్ళు వచ్చాయి. హైదరాబాద్‌లో 1918లో మొదలైన రెడ్డి హాస్టల్ అలాంటిదే. వీటన్నిటికీ కులం గీసిన గీతలున్నాయి. ఎవరి వారాలు ఎవరికి, ఎవరి పంక్తిలో ఎవరు అన్నది ముందే తేలిపోయేది. అందుకే వాటిని ఆదర్శాలుగా చూపించలేం. కానీ ఒక మాట మాత్రం అవి గట్టిగా చెబుతున్నాయి: చదువుకునే ఒంటరి మనిషి తిండిని అతని ఓపికకు వదిలేయకూడదని, దానికో కట్టుబాటు ఉండాలని ఆ కాలం అనుకుంది.

ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో వీటి పక్కన మరో పద్ధతి బలపడింది: గది తీసుకుని సొంతంగా వండుకోవడం. కాలేజీలున్న ప్రతి పట్నంలోనూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు ఒక గది అద్దెకు తీసుకునేవాళ్ళు. ఇంటి నుంచి బియ్యం బస్తా, కందిపప్పు, కారం, పచ్చడి జాడీ వచ్చేవి. దగ్గరి ఊళ్ళ వాళ్ళకైతే ఏకంగా అన్నం క్యారేజీలే బస్సులో వచ్చేవి. పట్నంలో కొనుక్కోవలసింది కూరగాయలు, పాలు, కిరోసిన్. ఆ గదికి గుండెకాయ లాంటిది పంపు స్టవ్వో వత్తుల స్టవ్వో. మూలన పెట్టుకోవచ్చు, గది మారితే చంకన పెట్టుకుని పోవచ్చు, దానికి చిరునామా అడిగేవాడు లేడు. 1950ల చివర నుంచి దేశంలోనే తయారైన ప్రెషర్ కుక్కర్లు తోడై పని ఇంకా తేలిక చేశాయి. ఈ పద్ధతి నడవడానికి కూడా ఆ కుర్రాళ్ళ గట్టితనం ఒక్కటే కారణం కాదు. సరుకు పొలం నుంచి వచ్చింది, ఇంధనం సీసాలో దొరికింది, ఇంటివాళ్ళు వెనక వరండాలో పొయ్యికి చోటిచ్చారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి జారినా గది వంట ఆగిపోతుంది. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో మూడూ ఒకదాని వెంట ఒకటి జారాయి.

మొదట జారింది చోటు. కొఠారీ కమిటీ సిఫారసుల మేరకు 1979 నుంచి సివిల్ సర్వీసెస్ పరీక్ష ప్రిలిమినరీ, మెయిన్ అని రెండు మెట్లుగా మారింది. దరఖాస్తులు పెరిగాయి, ఒక్కో అభ్యర్థి ప్రయత్నాలు ఏళ్ళ తరబడి సాగాయి, కోచింగ్ ఒక వ్యాపారమైంది. హిందీ మాధ్యమం వాళ్ళు ఎక్కువగా ముఖర్జీ నగర్‌కు, ఇంగ్లీషు మాధ్యమం వాళ్ళు రాజిందర్ నగర్‌కు చేరారు. తెలుగు పిల్లల్లో చాలామంది రెండో దారి పట్టారు. 2005 చివర్లో కరోల్ బాగ్, రాజేంద్ర ప్లేస్ మీదుగా మెట్రో వచ్చింది. 2007లో అమల్లోకి వచ్చిన మాస్టర్ ప్లాన్-2021 నివాస వీధుల్లో మిశ్రమ వినియోగానికి దారి వెడల్పు చేసింది. కాందిశీకుల చిన్న ప్లాట్లలో పాత ఇళ్ళు కూలి నాలుగంతస్తులు లేచాయి. ఒకప్పుడు ఒక కుటుంబం ఉన్న స్థలంలో ఇప్పుడు ఒక్కో అంతస్తులో చెక్క గోడల మధ్య అరడజను గదులు. చదరపు అడుగుకు అద్దె లెక్కగట్టే చోట వంటగది దండగ. అందులో మంచం వేస్తే మరో అద్దె వస్తుంది. నేలమాళిగలు గ్రంథాలయాలయ్యాయి. 2024 జూలై 27న అలాంటి ఒక నేలమాళిగలోకి వాననీరు ముంచెత్తి ముగ్గురు అభ్యర్థులు చనిపోయినప్పుడు దేశమంతా ఆ పేట వైపు చూసింది. ఆ ఘోరం వేరు, వంటగది మాయమవడం వేరు, ఒకదానితో ఒకటి పోల్చరాదు. కానీ రెండింటి వెనకా ఉన్నది ఒకే అద్దెల ఒత్తిడి: మనుషులు ఉండటానికి ఏం కావాలన్నది కాక, ఎన్ని జాగాలు అద్దెకివ్వవచ్చన్నదే లెక్క.

తర్వాత జారింది ఇంధనం. ఇక్కడ సాక్ష్యం చట్టంలోనే ఉంది. వంటగ్యాస్ సరఫరా ఉత్తర్వు ప్రకారం కనెక్షన్ ఇచ్చేది ఇంటికి. ఇల్లంటే భార్యాభర్తలు, పెళ్ళికాని పిల్లలు, వాళ్ళ మీద ఆధారపడిన తల్లిదండ్రులు, ఒకే వంటగది. సబ్సిడీ సిలిండర్ పక్కదారి పట్టకుండా పెట్టిన నిబంధన అది. దాని ఉద్దేశాన్ని తప్పు పట్టలేం. అయితే వరసైన చుట్టరికం ఏదీ లేకుండా ఒక అంతస్తు పంచుకునే నలుగురు అభ్యర్థులు ఆ నిర్వచనంలో ఎక్కడా ఒదగరు. మరోవైపు, ఒంటరివాళ్ళ పొయ్యిగా పేరుపడ్డ కిరోసిన్ స్టవ్వుకు కూడా కాలం చెల్లింది. 2012లో ఢిల్లీ ప్రభుత్వం నగరాన్ని కిరోసిన్ రహితం చేసే పథకం మొదలుపెట్టి, పేద కుటుంబాలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. పొగ, మంటల ప్రమాదాల దృష్ట్యా అది మంచి పనే. దాని ఫలం కుటుంబాలకు అందింది, కుటుంబం కాని అద్దెదారుకు మాత్రం పాత పొయ్యి పోయి కొత్తది రాలేదు. 2013 నుంచి చిరునామా రుజువు లేకుండా, గుర్తింపు కార్డు చూపి కొనుక్కునే 5 కిలోల సిలిండర్లు పెట్రోల్ బంకుల్లో అమ్మడం మొదలుపెట్టారు. దేశంలో ఒంటరి మనిషిని మనిషిగా లెక్కపెట్టిన తొలి వంట ఏర్పాట్లలో అదొకటి. కానీ గాలి ఆడని గదిలో దాన్ని పెట్టుకోవడం ప్రమాదం, ఇంటి యజమాని ఒప్పుకోడు కూడా. మిగిలింది ఇండక్షన్ పొయ్యి. అది లాగే కరెంటుకు పల్చటి వైరింగ్ తట్టుకోదని కొందరు యజమానులు వద్దంటారు, ఒప్పుకున్నవాళ్ళు సబ్ మీటరు పెట్టి తాము చెప్పిన రేటే వసూలు చేస్తారు.

సరుకు దగ్గర ఇబ్బంది మరో రకం. బడా బజార్ మార్గ్‌లోనో శంకర్ రోడ్డు మీదో కొట్టుకు వెళ్తే దొరకనిది తక్కువే. అర్హర్ దాల్ అని అడిగితే కందిపప్పు ఇస్తాడు. తోపుడు బండివాడు కూరగాయలు కొన్నందుకు గుప్పెడు కొత్తిమీర, నాలుగు పచ్చిమిరపకాయలు ఊరికే వేస్తాడు; కరివేపాకు మాత్రం అడిగి పుచ్చుకోవాలి. చిక్కంతా కొలతలతో. ఒక్క మనిషి పూటకు గుప్పెడున్నర బియ్యం, అందులో మూడో వంతు పప్పు వండుకుంటాడు. ఆ ఒక్కడికి సొరకాయ సగమే కావాలి, కొబ్బరికాయ చిప్పే ఎక్కువ, ఆవాలు కొంటే ఏడాది వస్తాయి, ఫ్రిజ్ లేకపోతే పాలు సాయంత్రానికి విరిగిపోతాయి. బియ్యం సంగతి మరీ విచిత్రం. కాలనీకి పడమటి వైపున్న పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ 1934 బిహార్ భూకంపం తర్వాత ఢిల్లీకి తరలివచ్చింది. పూసా బాస్మతి రకాలు పుట్టింది అక్కడే. దాని నీడలో ఉంటూ తెలుగు కుర్రాడు వెతికేది మాత్రం 1986లో బాపట్లలో విడుదలైన సాంబ మసూరి లాంటి సన్నబియ్యం. అది కావాలంటే కరోల్ బాగ్ కొట్లకు నడవాలి, లేదా ఇంటి నుంచి రైల్లో మూట రావాలి. ఇప్పుడు పది నిమిషాల్లో సరుకు తెచ్చే యాప్‌లు ఈ కొలతల చిక్కును చాలావరకు తీర్చాయి. చిన్న పొట్లంలో కరివేపాకు కూడా గుమ్మంలోకి వస్తోంది. ఆ మేలు నిజమైనదే. కానీ యాప్ సరుకు తెస్తుంది, పొయ్యి తేదు. సరుకు అంత సులువుగా దొరికే రోజుల్లో కూడా వంట పుంజుకోలేదంటే అడ్డు మరోచోట ఉందన్నమాట.

అడ్డు ఎక్కడుందో అదే పేటలో వండుకునేవాళ్ళను చూస్తే తెలుస్తుంది. వంటగది ఉన్న ఒక అంతస్తును నలుగురు తెలుగు పిల్లలు కలిసి తీసుకున్న చోట పరిస్థితి వేరు. యజమాని పేరున ఉన్న సిలిండర్, అయిదు లీటర్ల కుక్కరు, అందులో కింద పప్పు, పైగిన్నెలో అన్నం. ఒకరు ఉల్లిపాయలు తరుగుతారు, ఒకరు పోపు వేస్తారు, ఒకరు గిన్నెలు తోముతారు, ఒకరు సరుకుల లెక్క రాస్తారు. మూడు విజిళ్ళకు దింపి, పప్పులో టమాటానో పాలకూరో మెదిపి, ఇంటి నుంచి వచ్చిన ఆవకాయ ముక్క వేసుకుంటే భోజనం అయినట్టే. గోంగూర దొరకదు, గుత్తివంకాయకు తీరిక ఉండదు. అయినా నాలుగు రోజులకోసారి రసం కాగుతుంది. ఈ పిల్లలు పక్క భవనంలో చెక్క గదుల్లో ఉన్నవాళ్ళ కంటే ఓపికమంతులేం కాదు, వాళ్ళ అమ్మలు వంట ప్రత్యేకంగా నేర్పి పంపలేదు. అదే ఊరు, అదే పరీక్ష, అవే యాప్‌లు. తేడా అల్లా వంటగదే. స్వభావమే కారణమైతే చోటు మారినంత మాత్రాన అలవాటు మారకూడదు.

దీనికి ఎదురయ్యే మొదటి అభ్యంతరం సమయం. ఏళ్ళు పణంగా పెట్టి చదివేవాడికి రోజుకు రెండు గంటలు వంటకు పోతే ఎలా? ఇది తీసిపారేయదగ్గ మాట కాదు. కానీ ఆ రెండు గంటల్లో పొయ్యి దగ్గర గడిచేది అరగంటే; మిగతాది కొనడం, తరగడం, తోమడం. ఈ పనులు ఒక్కడికి ఎంతో నలుగురికీ దాదాపు అంతే, కాబట్టి పంచుకుంటే తలా ఒక వంతే. పైగా మెస్సుకు నడిచి వెళ్ళి, వరుసలో కూర్చుని, తిరిగి రావడానికీ సమయం పడుతుంది. సమయం చాలదన్నది ఒంటరిగా వండుకునే వాడి విషయంలో నిజం, కలిసి వండుకునే వాళ్ళ విషయంలో చాలావరకు కాదు. అంటే ఈ అభ్యంతరం కూడా తిరిగి తిరిగి చోటు దగ్గరికే వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పనిని పంచుకోవడమే నాగరికత అయినప్పుడు చదివేవాడు చదవాలి, వండేవాడు వండాలి. టిఫిన్ సర్వీసులూ మెస్సులూ ఉన్నదే అందుకు. ప్రకాశం తల్లి చేసింది అదే కదా? నిజమే. రాజిందర్ నగర్ డబ్బాల వెనక కూడా తమ ఇళ్ళలో వండి పంపే ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు, ఆ సంపాదన వాళ్ళకు అవసరం. నా వాదన వాళ్ళకు వ్యతిరేకం కాదు. తినేవాడికి వేరే దారి ఉన్నప్పుడే అమ్మేవాడు నాణ్యత నిలబెడతాడు. వంటగది ఉన్న కుర్రాడు పప్పు నీళ్ళలా ఉంటే డబ్బా మానేసి వారం రోజులు తనే వండుకుంటాడు; పొయ్యి లేనివాడు మరో మెస్సుకు మారతాడు, అక్కడా అదే నూనె. వేలమంది బేరగాళ్ళున్నా బేరమాడే శక్తి ఎవరికీ లేని సంత అది. ఎప్పుడో ఒకసారి మాత్రమే వాడినా సరే, సొంత పొయ్యి ఉండటం మెస్సు తిండిని కూడా బాగుచేస్తుంది.

ఇక మూడో మాట: ఆ పాత ఇంటి వంటను అంతగా మెచ్చుకోవాలా, దాని భారమంతా ఆడవాళ్ళ వీపు మీదే కదా నడిచింది? ఈ మాటను పూర్తిగా ఒప్పుకోవాలి. కాందిశీకుల కాలనీలో అంగీఠీ రాజేసింది, తందూరు దగ్గర నిలబడింది, చౌకడిపోకు సంచి పట్టుకుని వెళ్ళింది ఎక్కువగా ఆడవాళ్ళే. ఆ శ్రమకు ఏ లెక్కల్లోనూ విలువ కట్టలేదు. అందుకే ఆ కాలం తిరిగి రావాలని నేను అనడం లేదు. నిజానికి ఇప్పటి అద్దె ఫ్లాటులో ఆ పాత అసమానత లేని వంట కనిపిస్తోంది. అక్కడ తరిగేదీ తోమేదీ వంతులవారీగా, కొడుకులకు వండిపెట్టే తల్లి ఉండదు. పెళ్ళయ్యే దాకా గరిటె పట్టని మగపిల్లలు వంతు వచ్చినప్పుడు పప్పు దింపడం నేర్చుకుంటున్నారు. అలాంటి చోటును మూసేస్తే పోయేది పాత కాలపు బరువు కాదు, కొత్తగా చిగురిస్తున్న పద్ధతి.

చివరగా, నాలుగేళ్ళు ఉండి వెళ్ళిపోయే వాళ్ళ కోసం నగరం ఎందుకు తాపత్రయపడాలి అన్న ప్రశ్న ఉంది. మనుషులు మారతారు గాని గదులు ఖాళీగా ఉండవు. ఆ కాలనీలో ఇప్పుడు స్థిరమైనది ఈ వచ్చిపోయే జనమే. ఇంకో దేశం ఈ చిక్కును ఎలా విప్పుకుందో చూడొచ్చు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బ్రిటన్‌లో గ్యాస్ కనెక్షన్ కలవారి ఇళ్ళకే పరిమితమై ఉండేది. 1890ల్లో పెన్నీ నాణెం వేస్తే అంత మేర గ్యాస్ వదిలే మీటర్లు విస్తరించాయి. డిపాజిట్టూ నెలసరి బిల్లూ భరించలేని అద్దె కార్మికుల ఇళ్ళలో గ్యాస్ పొయ్యిలు వెలిగాయి. ఇంటి యజమాని ఎవరు, కుటుంబమెంత అని ఆ మీటరు అడగలేదు. మన దగ్గరా అలాంటి ఆలోచనలు లేకపోలేదు. 5 కిలోల సిలిండర్ అలాంటిదే; 2019లో ఢిల్లీ ప్రభుత్వం అద్దెదారులకు విడిగా ప్రీపెయిడ్ కరెంటు మీటర్ల పథకం ప్రకటించింది. 2024 విషాదం తర్వాత కోచింగ్ సెంటర్లకు చట్టం కావాలన్న చర్చ జరిగింది. కానీ ఆ పిల్లలు రోజుకు అయిదారు గంటలే కోచింగ్ సెంటర్లో ఉంటారు. మిగతా పొద్దంతా గడిపే గదుల గురించిన నియమాలూ ఆ చర్చలో ఉండాలి. అంతస్తుకు ఒక ఉమ్మడి వంటగది, గాలి వెలుతురు, తట్టుకునే వైరింగ్, అద్దెదారు పేరున మీటరు ఉంటేనే పేయింగ్ గెస్టు భవనానికి అనుమతి అన్నది అసాధ్యమైన కోరికేమీ కాదు. 1950 ప్రాంతంలో చేతిలో డబ్బులేని ప్రభుత్వం లక్షలాది కాందిశీకులకు ఇచ్చిన అతి చిన్న ఇంట్లో కూడా వంటగది ఉంది. అంతకంటే ఎన్నో రెట్లు అద్దె పుట్టే ఇప్పటి భవనాల్లో దానికి చోటు లేదనడం కుదరదు. అప్పటిదాకా పిల్లల్ని ఢిల్లీ పంపే తల్లిదండ్రులు బద్ధకం గురించి మందలించే ముందు గదిలో పొయ్యికి చోటుందా అని కనుక్కోవడం మంచిది. ఉంటే, పప్పు ఎలా వండాలో ఫోన్లో చెప్పినా సరిపోతుంది.